తొంభై మిల్లీల నూనె

యమునకు బండి నేర్పింది ఆమె అన్న భాస్కరే. గద్వాలలో వాళ్లది మగ్గాల ఇల్లు. తండ్రి పోయాక తల్లి అనంతమ్మ గుంట మగ్గం మీద చీరలు నేస్తూ ఇల్లు నడిపింది. భాస్కర్‌కు మాత్రం మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే ఊపిరాడేది కాదు. చదువు ఆపేసి బండ్ల పని నేర్చుకున్నాడు. ఇరవై ఆరేళ్లు నిండేసరికి అయిజ రోడ్డులో సొంత షాపు తెరిచాడు. ఊళ్లో మెకానిక్కులు చాలామందే ఉన్నారు గానీ, ముందు చక్రం షాకప్‌ల పని అనేసరికి వాళ్లు కూడా "భాస్కర్ దగ్గరికి పోండ్రి" అని పంపేవాళ్లు.

యమున అతనికంటే తొమ్మిదేళ్లు చిన్న. డిగ్రీ అయ్యాక ఆమె మగ్గం ఎక్కలేదు, అలాగని మగ్గాలను వదలనూ లేదు. ఒక చీరల వ్యాపారి దగ్గర పట్టు, జరీ, నూలు తీసుకుని బండి మీద గట్టుకూ అమరచింతకూ మధ్యలో పల్లెలకూ మోసుకుపోయి నేతగాళ్ల ఇళ్లలో ఇచ్చేది. నేసిన చీరలు తిరిగి తెచ్చేది. ఆ దారుల్లో తారు ఉన్న చోటికంటే లేని చోటే ఎక్కువ. అందుకని భాస్కర్ వెతికి వెతికి, మట్టిదారుల్లో నడిచే ఒక ఎత్తైన పాత బండిని ఆమెతో కొనిపించాడు.

కొన్న మరునాడే దాని ముందు భాగమంతా విప్పాడు. ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకుని ఉండే రెండు గొట్టాలను ఫోర్కు కాళ్లంటారు. ఒక్కో కాలి లోపల ఒక పొడవాటి స్ప్రింగు, కొలిచి పోసిన నూనె ఉంటాయి. గుంతలో పడితే స్ప్రింగు అణుగుతుంది. అది ఎంత జోరుగా అణగాలో, ఎంత నిదానంగా లేవాలో చూసుకునేది నూనె.

"కంపెనోళ్లు డెబ్బై కిలోల మొగోన్ని అనుకొని చేస్తరు దీన్ని" అన్నాడు భాస్కర్. "నువ్వు యాభై రెండున్నవు. నూలు మూటతోని కలిపితె అరవై ఐదు. నీ లెక్కకు మనమే చేసుకోవాలె."

మూటతో సహా ఆమెను బండి మీద కూర్చోబెట్టి, ఫోర్కు గొట్టానికి ఒక ప్లాస్టిక్ ట్యాగు చుట్టాడు. ఆమె దిగాక ట్యాగు ఎంత జరిగిందో స్కేలు పెట్టి చూశాడు. స్ప్రింగు నెత్తి మీద కూర్చునే పైపు ముక్కను కోయడం, అంచులు ఆకురాయితో నున్నగా చేయడం, మళ్లీ బిగించి మళ్లీ ఆమెను కూర్చోమనడం. నాలుగోసారికి గానీ అతనికి తృప్తి కలగలేదు. అప్పుడు ఆ తెల్ల పైపు ముక్కలు రెండింటి మీదా నీలం మార్కరుతో 'య' అని రాసి, ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

"గిది నీ కొలత. జ్ఞాపకం పెట్టుకో."

ఆమె నడిమి వేలు పక్కన పెట్టి చూసుకుంది. మొదలు నుంచి కొస దాకా సరిగ్గా వేలంత ఉంది.

గట్టు ఊరు దాటాక గుట్ట వెనక ఒక పెద్ద బీడు ఉంది. ఆదివారాలు పొద్దున పదిహేను మంది దాకా బండ్లు తెచ్చుకుని అక్కడ తిప్పేవాళ్లు. రాళ్ల వాగు, రెండు ఎత్తైన కరకట్టలు, ఇసుక మలుపు, అన్నీ కలిపి ఒక చుట్టు. ఆ చుట్టును అందరికంటే తక్కువ సమయంలో తిరిగింది భాస్కర్. రెండు నిమిషాల నలభై ఎనిమిది సెకన్లు. ఆరేళ్లుగా దాన్ని ఎవరూ దాటలేదు. నాలుగేళ్ల క్రితం అదే ఇసుక మలుపులో పడి కుడి మణికట్టు విరిగాక అతను మళ్లీ అక్కడ బండి ఎక్కలేదు. కానీ ఆదివారం వస్తే పానాల సంచీ భుజాన వేసుకుని చెల్లెలితో పాటు వచ్చేవాడు. అందరి బండ్లూ చూసేవాడు, అందరికీ సలహాలు చెప్పేవాడు.

నవంబరులో ఒక ఆదివారం యమున ఆ చుట్టును రెండు నిమిషాల నలభై నాలుగులో తిరిగింది. ఫోన్‌లో సమయం పట్టింది భాస్కరే. ఆమె హెల్మెట్ తీసేలోపే ఫోన్ పైకెత్తి అందరికీ చూపించాడు. ఇంటికి వెళ్లేటప్పుడు జిలేబీ కట్టించాడు. నాగర్‌కర్నూల్లో ఫిబ్రవరిలో జరిగే మట్టి రేసుకు ఆమె పేరు ఇచ్చింది కూడా ఆ వారమే.

"సీల్లు జర పాతవడ్డయి, నూనె మారుస్త. బండి ఇడిసిపెట్టి పో" అన్నాడు తర్వాతి శుక్రవారం. ఆమె విడిచిపెట్టి పోయింది.

డిసెంబరు నుంచి బండి ఆమె మాట వినడం తగ్గించింది. బ్రేకు పట్టగానే ముందు భాగం కిందికి మునిగేది. కరకట్ట దిగేటప్పుడు ఫోర్కు అడుగుకు తగిలి చేతుల్లోకి దెబ్బ కొట్టేది. ఇసుక మలుపులో హ్యాండిలు తనంతట తాను లోపలికి ముడుచుకునేది. అన్నకు చెప్పింది. అతను బండి ఎక్కి షాపు ముందు రెండు చుట్లు తిప్పి వచ్చాడు.

"బండికేం లేదు. బ్రేకు ఆలస్యంగ పడ్తున్నవు. చేతులు బిగవడ్తున్నవు. టైము ఒకసారి ఒచ్చేసరికి బుగులు వట్టుకున్నది నీకు."

అలా అయి ఉంటుందనుకుంది. రాత్రిళ్లు పడుకునే ముందు చేతులు వదులు చేసుకోవడం అలవాటు చేసుకుంది. తన వీడియోలు తానే చూసుకుని, ఎక్కడ బిగబట్టిందో వెతికింది. తప్పు కనపడకపోయినా ఉందనుకుంది. జగదీశ్ అని అయిజ నుంచి వచ్చే ఒకతను "నా బండి మీద ఒక చుట్టు కొట్టి చూడరాదు" అంటే భాస్కర్ వద్దన్నాడు. వేరే బండి ఎక్కితే చెయ్యి చెడిపోతుందట. మధ్యలో రెండుసార్లు బండి తీసుకుని "మళ్లొకసారి చూస్త" అని ఫోర్కు విప్పి బిగించాడు. ప్రతిసారీ వారం పది రోజులకు ఆమె అలవాటు పడేసరికి బండి ఇంకొంచెం అధ్వానమయ్యేది.

సంక్రాంతి దాటిన ఆదివారం రెండో కరకట్ట దిగుతూ పడింది. ఎడమ భుజం మీద బండి వచ్చి పడింది. ఎముక విరగలేదు గానీ, వారం పాటు నీళ్ల బిందె ఎత్తలేకపోయింది. పొద్దునా సాయంత్రం భాస్కరే దగ్గర కూర్చుని భుజానికి మందు రాశాడు.

"చెప్పిన గద, చేతులు వదులు వెట్టుమని" అన్నాడు రాస్తూ. "ఈ ఏడు నాగర్‌కర్నూలు వద్దనుకుంటె వద్దు. తొందరేమున్నది."

ఆమె గోడకు తిరిగి పడుకుంది. తనకు చేతకాదని, నవంబరులో వచ్చిన సమయం గాలివాటంగా వచ్చిందని ఆ వారంలోనే మనసులో తేల్చుకుంది. భుజం కాస్త తగ్గాక పేరు తీసేయమని రేసు వాళ్లకు మెసేజు రాసి, పంపకుండా ఉంచుకుంది.

జనవరి చివర్లో నూలు మూట వేసుకుని అమరచింత పోయింది. అక్కడ జోగులమ్మ అనే నేతగత్తె ఇంటి ముందు బండి ఆపి చూస్తే ఎడమ ఫోర్కు కాలు వెంట నూనె కారి బ్రేకు దాకా వచ్చింది. బ్రేకు నొక్కితే జారుతోంది. ఆ బండి మీద జూరాల దాటి గద్వాల రావడం కుదరని పని.

"బస్టాండు దిక్కు సీతారాములు అని ఉంటడు" అంది జోగులమ్మ మూట దించుకుంటూ. "పెద్ద మనిషి. మా ఆయిన బండి గుడ ఆయిననే చూస్తడు. నూకుకుంట పో, దగ్గర్నే."

సీతారాములుకు అరవై దాటి ఉంటాయి. బస్సు డిపోలో పనిచేసి రిటైరై, రేకుల షెడ్డులో బండ్లు బాగుచేస్తున్నాడు. నూనె సీలు పగిలిందని చూడగానే చెప్పాడు. ముందు చక్రం తీసి, రెండు కాళ్లూ ఊడదీసి, ఒక్కోదాన్ని విడిగా కొలత గ్లాసులోకి వంచాడు. వంచినవాడు వంచినట్టే ఉండి గ్లాసును వెలుతురుకు పట్టి చూశాడు. రెండోది కూడా అలాగే చూశాడు. తర్వాత లోపలి నుంచి స్ప్రింగులు, పైపు ముక్కలు తీసి గోనెపట్టా మీద వరసగా పెట్టాడు.

"ఎవరు చేసిన్రు బిడ్డా దీని పని?"

"మా అన్న. గద్వాలల షాపు ఉన్నది."

ఆయన గ్లాసు కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "అట్లయితె నేను సీలేసి ఇస్త. మిగిలింది మీ అన్ననే అడుగు."

"ఏంది కాకా, చెప్పుండ్రి."

"ఇంటోళ్ల పని గురించి బయటోడు మాట్లాడొద్దమ్మా."

"నేను మొన్న దీని మీదికెల్లి వడ్డ" అంది యమున. "భుజం ఇంక నొస్తుంది. చెప్పుండ్రి."

సీతారాములు ఆమె ముఖం చూశాడు. తర్వాత రెండు గ్లాసులూ ఆమె ముందుకు జరిపాడు.

"ఈ బండికి కాలుకు మూడు వందల డెబ్బై మిల్లీ నూనె ఉండాలె. ఎడమ దాంట్ల రెండు వందల అరవై ఉన్నది. సరే, సీలు పగిలింది, కారిందనుకుందం. కుడిది సూడు. దాని సీలు మంచిగున్నది, సుక్క కారలే. అండ్ల రెండు వందల ఎనభై ఉన్నది. మరి కుడిదాంట్ల తొంభై మిల్లీ యాడికి పోయింది?"

ఆమె కుడి కాలి గ్లాసు మీది గీతను చూసింది.

"పోలే. పొయ్యలే. ఎవరో కొలిచి తక్కువ పోసిన్రు. ఇగో, ఈ పైపులు గుడ సూడు. స్ప్రింగు నిలవడాలంటె ఇంత పొట్టిగ ఉండొద్దు. నూనె తక్కువ, పైపు తక్కువ. బండి మునుగకుంటె ఏమైతది? నిన్ను గాదు, ఎవరినన్న పడేస్తది."

యమున వంగి పైపు ముక్కను తీసుకుంది. తెల్లగా, కొత్తగా ఉంది. అంచులు ఆకురాయితో నున్నగా చేసి ఉన్నాయి. వేలు పక్కన పెట్టింది. గోరు మొదలు దగ్గరే అయిపోయింది. అటు తిప్పితే మీద నీలం మార్కరుతో 'య' అని ఉంది. అక్షరం తల కొంచెం కుడికి వంచి రాసే అన్న రాత. పాతవి కోసింది కాదు. కొత్త పైపు తెచ్చి, పొట్టిగా కోసి, అంచులు నున్నగా చేసి, దాని మీద మళ్లీ ఆమె పేరు రాశాడు.

అక్కడే ఉన్న టైరు మీద కూర్చుంది. సీతారాములు లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాడు.

"అలవాటుగ చేసే మనిషికి లెక్క తప్పుతదేమో" అన్నాడు, ఆమెకు ఏదో ఒక దారి ఉంచాలని.

"మా అన్నకు లెక్క తప్పదు కాకా" అంది.

కొంతసేపటికి లేచి, సీలు వేసేటప్పుడు తననూ పక్కన కూర్చోనిమ్మంది. సీతారాములు చెబుతుంటే నూనె తానే కొలిచి పోసింది. తన వేలు కొలతకు కొత్త పైపులు తానే కోసింది. కోత వంకరగా వచ్చింది. "పర్వాలే, ఆకురాయి పెట్టు" అన్నాడాయన. బిగించాక బండి మీద కూర్చుంటే ముందు భాగం కొద్దిగా దిగి ఆగింది. నవంబరులో ఆగినట్టే ఆగింది.

జూరాల ఆనకట్ట రోడ్డు మీద అతుకుల దగ్గర చిన్న చిన్న ఎత్తులుంటాయి. రెండు నెలలుగా ఆ అతుకులొస్తే పళ్లు బిగించి పట్టుకునేది. ఇప్పుడు వాటి మీదుగా బండి నీళ్ల మీద పోయినట్టు పోయింది. హ్యాండిలు చేతుల్లో కదలకుండా ఉంది. ఆనకట్ట సగంలో ఒక పక్కకు ఆపి, దిగి, రెయిలింగు పట్టుకుని నిలబడింది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. వీటికి ఏ తప్పూ లేదు. తప్పు లేదని తెలిసిన మనిషి ఒకడు పక్కనే కూర్చుని, తప్పంతా వీటిదేనని రోజూ చెప్పాడు. నమ్మింది. ఎవరు చెప్పినా నమ్మేది కాదేమో, అతను చెప్పాడు కాబట్టి నమ్మింది.

మధ్యాహ్నం రెండింటికి షాపు చేరింది. భాస్కర్ ఒక రైతు బండికి చైను ఎక్కిస్తున్నాడు. చెల్లెలి బండి ఆగగానే అతని చూపు ఆమె మీదికి కాక తుడిచి ఉన్న ఫోర్కు కాళ్ల మీదికి పోయింది.

"ఎవరు ఇప్పిన్రు?" అన్నాడు.

ఆమె రైతు వెళ్లేదాకా ఆగింది. తర్వాత జేబులోంచి రెండు పొట్టి పైపు ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది.

"కుడి కాలుల తొంభై మిల్లీ తక్కువున్నది."

భాస్కర్ పానా కింద పెట్టి గుడ్డతో వేళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలూ తుడిచాడు. "సీలు పోయి ఉంటది" అన్నాడు.

"పోలే. కుడిది మంచిగున్నది."

"అమ్మ పరేషాన్ అయితున్నది యమునా. రోజు అనవట్టె. నువ్వు జోరు తగ్గించాలె, ఎట్లనన్న ఆపురా అని. నీ మంచికే..."

"నిదానంగ పోవాలని చేసినవా?"

"అవు."

"మెత్తగ చేస్తె నిదానంగ పోరు అన్నా. పడ్తరు. నూనె తక్కువుంటె ముందు చక్రం గుంతల ముడుసుకుంటదని నాకు చెప్పిందెవరు? గీ బల్ల మీద కూసోబెట్టి, కాయితం మీద గీసి చెప్పినవ్. నువ్వు నన్ను ఆపాలనుకుంటె బండి అమ్మేసేటోనివి. చక్రం తీసి ఇంట్ల పెట్టేటోనివి. గిట్ల చేస్తవా?"

అతను పైపు ముక్కలు రెండింటినీ బల్ల మీద పక్కపక్కన నిలబెట్టాడు.

"ఆ రోజు ఫోన్ల నీ టైము సూసిన" అన్నాడు చివరికి, బల్లతో చెబుతున్నట్టు. "అందరికి సూపిన. సంతోషం గుడ అయ్యింది, అబద్ధం గాదు. ఇంటికొచ్చి పండుకున్నంక నిద్ర రాలే. చెయ్యి ఇరిగినంక నాకు మిగిలింది ఆ ఒక్క టైమే. అది గుడ నేను చేసిచ్చిన బండి మీదనే పోయింది. మొదాలు పదిహేను మిల్లీనే తీసిన. నీ టైము ఒక ఐదు సెకన్లు పెరిగితె సాలనుకున్న."

"ఎన్నిసార్లు ఇప్పినవు?"

"మూడు."

"మూడుసార్లు. కొలిసి."

"అవు."

"నేను వడ్డంక గుడ చెప్పలే."

"చెప్దమనుకున్న."

"భుజానికి మందు రాసినవు" అంది యమున. గొంతు పెరగలేదు. "రాసుకుంట, చేతులు బిగవట్టినవని అన్నవు. బండి చెడగొట్టినవు, అది సరే, బాగు చేసుకుంట. నేను రెండు నెల్ల సంది నా చేతులు చూసుకుంటున్న అన్నా. వీటికేమైందా అని. నువ్వు చూస్తనే ఉన్నవు."

భాస్కర్ తల ఎత్తలేదు. "నాతోని ఒక మాట చెప్తె ఇడిసిపెట్టేదాన్ని" అని ఆమె అనబోయి ఆగిపోయింది. అది నిజమో కాదో ఆమెకే తెలియలేదు. షాపులో తనకంటూ ఉన్న పెట్టెలోంచి కొలత గ్లాసు, ఆకురాయి, ట్యాగులు తీసుకుని, పైపు ముక్కలు అక్కడే వదిలి బండి మీద ఇంటికి పోయింది.

అనంతమ్మ మగ్గంలో ఉంది. కూతురు చెప్పిందంతా, అడ్డపోగు వేసే నాడె చేతిలో పట్టుకుని, వెయ్యకుండా విన్నది.

"నువ్వు చెప్పినవంట గద, ఎట్లనన్న ఆపుమని" అంది యమున.

"చెప్పిన" అంది అనంతమ్మ. "తాళం దాచిపెట్టుమన్న. నాలుగు దినాలు కొట్లాడి ఊకుంటవనుకున్న. గిది నేను చెప్పలే బిడ్డా. పడేటట్టు చెయ్యుమని ఏ తల్లన్న చెప్తదా?" నాడె పక్కన పెట్టింది. "వాడు రోజు నాతోని కూసొని తిన్నడు. ఒక్క మాటన్న చెప్పలే."

ఆ రోజు నుంచి అనంతమ్మ కొడుకుతో మాట్లాడడం మానలేదు గానీ, అన్నం వడ్డించేటప్పుడు అతని ముఖం చూడడం మానేసింది. వారం పోయాక మాత్రం కూతురి దగ్గరికి వచ్చి, "ఒక్కింట్ల ఉండేటోళ్లు, ఎన్ని దినాలు ఇట్ల" అని మొదలుపెట్టింది. యమున లేచి బయటికి పోయింది. తల్లి మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పేరు తీసేయమని రాసి పెట్టుకున్న మెసేజును యమున చెరిపేసింది. ఫిబ్రవరి రెండో ఆదివారం తెల్లారకముందే లేచి, వనపర్తి మీదుగా నాగర్‌కర్నూలుకు ఒక్కతే బండి నడుపుకుంటూ పోయింది. ఊరి బయట దున్ని వదిలేసిన చేలల్లో జెండాలు పాతి రేసు దారి చేశారు. ఇరవై రెండు మంది వచ్చారు. ఆడమనిషి ఆమె ఒక్కతే. రెండు విడతలు, రెండింటి సమయం కలిపి లెక్క.

మొదటి విడతలో ఆమెకొక సంగతి అర్థమైంది. ఫోర్కు బాగుంది. ఆమె బాగాలేదు. గుంత దగ్గరికి రాగానే బండి ధైర్యంగా ఉన్నా, వేళ్లు ముందే బ్రేకు మీదికి పోతున్నాయి. మునుగుతుందేమోనని ఒళ్లు తనకు తెలియకుండానే వెనక్కి జరుగుతోంది. రెండు నెలల్లో నేర్చుకున్న భయం నూనె పోస్తే పోయేది కాదు. ఇక రెండో సంగతి, ఇక్కడి కరకట్టలు గట్టు దగ్గరి వాటికంటే ఎత్తు. దిగేటప్పుడు ఫోర్కు రెండుసార్లు అడుగుకు తగిలింది. కొంచెం నూనె కలపాలి.

నీడకు బండి ఆపి, ఫోర్కు మూతలు విప్పుతుంటే, జనం లోపలికి రాకుండా కట్టిన తాడు అవతల భాస్కర్ కనబడ్డాడు. బస్సులో వచ్చినట్టున్నాడు. చేతిలో పానాల సంచీ లేదు. తాడు దాటకుండా అక్కడి నుంచే అన్నాడు.

"రెండో కట్ట కాడ తగులుతుంది. పది మిల్లీ పొయ్యి. పది సాలు, ఎక్కువ పొయ్యకు. కింద రాళ్లున్నయి."

అతను బండిని చూసి చెప్పే మాట ఎప్పుడూ తప్పు పోయేది కాదు. ఆమెకు అది తెలుసు. ఆమె అనుకున్నది పదిహేను. సిరంజిలోకి నూనె లాగి పది గీత దగ్గర ఆపింది. ఆపి ఆ గీతను చూసింది. పది నిజంగా సరైన లెక్కేనా, లేక ఇది కూడా కొలిచి చెప్పిన తక్కువేనా? అతని ముఖంలో మోసమేమీ లేదు. అయితే డిసెంబరులోనూ ఆ ముఖంలో ఏమీ కనబడలేదు కదా. సిరంజిని పదిహేనుకు లాగి రెండు కాళ్లలోనూ పోసి మూతలు బిగించింది. భాస్కర్ చూస్తూనే ఉన్నాడు.

రెండో విడతలో కట్ట దిగితే తగల్లేదు. కానీ కింద రాళ్ల మీద ముందు భాగం కటువుగా కొట్టింది. చేతులు అదిరి, రెండు చోట్ల దారి వదిలి వెడల్పుగా పోయింది. పదే సరైన లెక్క. మొత్తం మీద ఆరో స్థానం వచ్చింది. రేసు నడిపినవాళ్లు ఆమెను పిలిచి అందరి ముందూ చప్పట్లు కొట్టించారు. ఒకరిద్దరు వచ్చి, బండి ముందు సెట్టింగు ఎవరు చేశారని అడిగారు.

"నేనే చేసుకున్న" అంది.

సాయంత్రం నాలుగు గంటలకు బయల్దేరి ఊళ్లోంచి వస్తుంటే బస్టాండు ముందు భాస్కర్ నిలబడి ఉన్నాడు. ఆమె పోదామనుకుంది గానీ, బ్రేకు మీద కాలు పడింది. ఇంజను ఆపలేదు.

"పదిహేను పోసినవు" అన్నాడు అతను.

"పోసిన."

అతను తల ఊపాడు. ఇంకేదో అనడానికి నోరు తెరిచాడు. ఆమె ఆ మాట కోసం ఒక క్షణం ఆగింది. అతను మళ్లీ ఫోర్కు వైపు చూసి ఊరుకున్నాడు.

"బస్సున్నదా?" అని అడిగింది.

"వనపర్తి దాంక ఉన్నది. ఆడికెల్లి ఇంకోటి."

"సరే" అని గేరు వేసింది.

బిజినేపల్లిలో టీ కోసం ఆగింది. గ్లాసు సగమయ్యేసరికి వనపర్తి బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. కిటికీ పక్కన అన్న కూర్చుని ఉన్నాడు. ఆమెను చూశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగానే ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు. బస్సు కదలబోతోంది. ఇప్పుడు బయల్దేరితే వనపర్తి దాకా దానికి ముందే పోతూ ఉంటుంది. దారి పొడుగునా అతను తన ముందు చక్రాన్నే చూస్తూ వస్తాడు. అది ఎక్కడ మునిగిందో, ఎక్కడ ఆమె బిగబట్టిందో మనసులో రాసుకుంటూ వస్తాడు.

యమున హోటలతన్ని ఇంకొక టీ అడిగింది. బస్సు పోయి, దాని వెనక లేచిన దుమ్ము రోడ్డు మీద పూర్తిగా దిగాక గానీ బెంచీ మీది నుంచి లేవలేదు.